బస్తర్‌లో హక్కుల వకాలతు, సెల్‌ఫోన్ ప్రచారం

ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన ఏడు జిల్లాలుగా పరుచుకున్న అటవీ ప్రాంతం బస్తర్. 2005 తర్వాత ఇక్కడి ఆదివాసుల తరఫున కోర్టుకెక్కిన పరిశోధకులు, న్యాయవాదుల కృషి ఒక చరిత్ర. అవే ఏళ్లలో సెల్‌ఫోన్ వెంట అడవిలోకి వచ్చిన రాజకీయ ప్రచారం ఇంకొకటి. చదువుకునేవాళ్లు మొదటిదాన్ని న్యాయశాస్త్రంలోను, రెండోదాన్ని ఎన్నికల వ్యవహారాల్లోను వెతుకుతారు. బస్తర్‌లో మాత్రం ఈ రెండింటినీ విడదీసి చెప్పడం కుదరదు. కాల్పుల్లో పోయిన మనిషి ఫొటో ఏ ఫోన్‌లో ఉంటుందో, ఆ మనిషి గురించి అడిగిన వకీలును ‘నక్సలైట్ ఏజెంటు’ అనే పోస్టూ అదే ఫోన్‌కు చేరుతుంది. ఆ ఫొటోను సాక్ష్యంగా ఒప్పుకోవడానికి చట్టం సవాలక్ష నిబంధనలు పెడుతుంది. ఆ పోస్టును అడిగే నాథుడు లేడు. ఈ వ్యత్యాసమే ఈ వ్యాసానికి ఇరుసు.

పొరుగు

తెలుగువాళ్లకు బస్తర్ పరాయి ప్రాంతం కాదు. ఓరుగల్లు పతనమయ్యాక కాకతీయ వంశీకుడు అన్నమదేవుడు అక్కడ రాజ్యం నెలకొల్పాడని బస్తర్ రాజవంశ చరిత్ర చెబుతుంది. శబరి దాటితే కొంటా. భోపాలపట్నం, కొంటా సంతల్లో గోండీ, దోర్లీ, హల్బీ భాషల పక్కనే తెలుగూ వినిపిస్తుంది. బీజాపూర్ జిల్లాలో పెద్దగెల్లూరు, చిన్నగెల్లూరు అనే ఊళ్లున్నాయి. ఈ పేర్లకు అర్థం మనకెవరూ చెప్పనక్కర్లేదు. 2005లో కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మ ముందుండి నడిపిన మావోయిస్టు వ్యతిరేక సాయుధ ఉద్యమం సల్వా జుడుం మొదలయ్యాక, ఊళ్లు తగలబడి, వేలమంది నది దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లో తలదాచుకున్నారు. భద్రాచలం, చర్ల, చింతూరు చుట్టుపక్కల ‘గుత్తికోయలు’ అని మనం పిలిచేవాళ్లలో చాలామంది ఆ రోజుల్లో అలా వచ్చినవాళ్లే.

బస్తర్ కోర్టు కథలోనూ తెలుగు పేర్లు చాలా తగులుతాయి. నక్సల్ ప్రభావిత ప్రాంతాల అభివృద్ధి సమస్యలపై ప్రణాళికా సంఘం నియమించిన నిపుణుల బృందం 2008లో నివేదిక ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారిగా పేరొందిన ఎస్.ఆర్. శంకరన్ అందులో సభ్యుడు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించి, ఆ తర్వాత హక్కుల న్యాయవాదిగా మారిన కె. బాలగోపాల్ మరో సభ్యుడు. అదే బృందంలో ఉన్న బేలా భాటియా అనే పరిశోధకురాలు తర్వాతి కాలంలో బస్తర్‌లోనే కాపురం పెట్టి నల్లకోటు వేసుకున్నారు.

2011 తీర్పు

సల్వా జుడుంపై 2007లో సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లు ముగ్గురు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రం బోధించే నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, విశాఖపట్నంలో స్థిరపడిన విశ్రాంత ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ. కొంటా ప్రాంత ఆదివాసీ నాయకుడు కర్తం జోగా తదితరులు వేరే పిటిషన్ వేశారు. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. అంతంతమాత్రం చదువుకున్న ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా ముందుకు తోయడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని తేల్చింది. వాళ్ల నియామకానికి రాష్ట్రం పెట్టుకున్న అర్హత ఏమిటో చూస్తే గుండె కలుక్కుమంటుంది. 5వ తరగతి పాసైనవాళ్లకు ప్రాధాన్యం అట. తీర్పు వెలువడ్డ కొద్ది నెలలకే రాష్ట్రం సహాయక సాయుధ పోలీసు దళాల చట్టం చేసి, వాళ్లలో చాలామందిని మళ్లీ బలగాల్లోకి తీసుకుంది.

ఆ కేసు నిలబడ్డది కాగితాల మీద. క్షేత్ర పర్యటనల నివేదికలు, ఊరూరా తిరిగి రాసుకున్న మృతుల జాబితాలు, ప్రమాణపత్రాలు అందుకు ఆధారం. అప్పటికి బస్తర్ లోపలి ఊళ్లలో సిగ్నల్ అంతంతమాత్రం. మావోయిస్టులు టవర్లను పేల్చేసిన సంఘటనలూ ఉన్నాయి. తర్వాత పదేళ్లలో ఆ స్థితి మారిపోయింది. 10 రాష్ట్రాల నక్సల్ ప్రభావిత ప్రాంతాల్లో రెండువేలకు పైగా టవర్లను 4జీకి మార్చడానికి కేంద్ర మంత్రివర్గం 2022లో ఆమోదం తెలిపింది. సాక్ష్యమూ ప్రచారమూ రెండూ ఆ టవర్ల మీదుగానే నడవడం మొదలుపెట్టాయి.

బేలా భాటియా

కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేసిన బేలా భాటియా పరిశోధనాంశం మధ్య బిహార్‌లోని నక్సలైట్ ఉద్యమం. అంతకుముందు, గల్ఫ్ యుద్ధం తర్వాత ఇరాక్ స్త్రీల అనుభవాలపై వచ్చిన పుస్తకానికి ఆమె సహ రచయిత్రి. టాటా సామాజిక శాస్త్రాల సంస్థలో బోధించారు. 2015 నుంచి జగ్దల్‌పూర్ దగ్గరి పర్పా అనే ఊళ్లో అద్దె ఇంట్లో ఉంటూ, ఆ తర్వాత దక్షిణ బస్తర్ కోర్టుల్లో వాదించడం మొదలుపెట్టారు. భారతదేశపు అంచుల్లోని జనంపై ఆమె మూడు దశాబ్దాల పాటు రాసిన వ్యాసాలు 2024లో ‘ఇండియాస్ ఫర్‌గాటెన్ కంట్రీ’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. భద్రతా దళాల అఘాయిత్యాలపైనే కాకుండా మావోయిస్టులు ఇన్‌ఫార్మర్ల పేరుతో చేసిన హత్యలపైనా ఆమె రాశారు.

2015 అక్టోబరులో పెద్దగెల్లూరు, దాని చుట్టుపక్కల ఊళ్లలోను, 2016 జనవరిలో నేంద్రలోను కూంబింగ్‌కు వచ్చిన బలగాలు ఆదివాసీ స్త్రీలపై లైంగిక అత్యాచారాలకు, దోపిడీకి పాల్పడ్డాయన్న ఫిర్యాదులు వచ్చాయి. ఆ స్త్రీల వెంట ఉండి ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించినవాళ్లలో బేలా ఉన్నారు, 2013లో జగ్దల్‌పూర్‌లో మొదలైన లీగల్ ఎయిడ్ గ్రూప్ న్యాయవాదులూ ఉన్నారు. ఎఫ్‌ఐఆర్ అంటే మనకు ఒక్క కాగితం. అక్కడ మాత్రం బాధితురాలు గోండీలో చెబుతుంది, దుబాసీ దాన్ని హిందీలో చెబుతాడు, రైటర్ తనకు తోచిన హిందీలో రాసుకుంటాడు. చివర్లో చదివి వినిపించే హిందీ ఆమెకు అర్థం కాదు. వేలిముద్ర మాత్రం ఆమెదే. మూడు నోళ్లు మారిన ఈ మాటలో ఒక్క తేదీ అటూ ఇటూ అయినా రేపు కోర్టులో ఎదుటి వకీలు పట్టుకునేది దాన్నే. సామాజిక పరిశోధనలో చెయ్యి తిరిగిన మనిషికి ఇది వెంటనే తెలుస్తుంది. ఎవరు ఏ మాట ఏ భాషలో చెప్పారో విడిగా రాసిపెట్టుకోవడం పరిశోధనకు మామూలు పద్ధతి. బస్తర్ కోర్టుల్లో ఆ పద్ధతే ప్రాణం నిలబెట్టే పనిముట్టు అయింది.

పత్రికా కథనం చూసి జాతీయ మానవ హక్కుల సంఘం ఈ వ్యవహారాన్ని తనంతట తాను చేపట్టింది. 2017 జనవరిలో 16 మంది స్త్రీలు రాష్ట్ర పోలీసుల చేతిలో అత్యాచారానికి, లైంగిక, భౌతిక దాడులకు గురైనట్లు ప్రాథమికంగా కనిపిస్తోందని ప్రకటించింది. మొత్తం 37 లక్షల రూపాయల మధ్యంతర సాయం ఎందుకు సిఫారసు చేయకూడదో చెప్పాలని రాష్ట్రానికి నోటీసు ఇచ్చింది. మిగతా బాధితుల వాంగ్మూలాలు తీసుకోవడానికి సంఘం బృందం ఆ నెలలోనే ఊళ్లకు వచ్చినప్పుడు బేలా వాళ్ల వెంట వెళ్లారు. జనవరి 23న ముప్పై మంది దాకా పర్పాలోని ఆమె ఇంటిమీదికి వచ్చి, 24 గంటల్లో ఊరు విడవాలని, లేకపోతే ఇల్లు తగలబెడతామని బెదిరించారు. ఇంటి యజమానురాలిని, ఆమె పిల్లలను కూడా భయపెట్టారు.

ఆ గుంపు ఊరికే పోగైంది కాదు. అంతకు ఏడాది ముందు నుంచే జగ్దల్‌పూర్‌లో సామాజిక ఏక్తా మంచ్ పేరుతోను, అది రద్దయ్యాక అగ్ని పేరుతోను ఏర్పడిన సంఘాలు ఊరేగింపులతో, కరపత్రాలతో, సోషల్ మీడియాతో విలేకరులపైనా న్యాయవాదులపైనా ప్రచారం నడిపాయి. 2016 ఫిబ్రవరిలో ఒక మహిళా విలేకరి, లీగల్ ఎయిడ్ గ్రూప్ న్యాయవాదులు జగ్దల్‌పూర్ అద్దె ఇళ్లు ఖాళీ చేసి పోవాల్సి వచ్చింది. అంతకుముందు ఆ న్యాయవాదుల పేర్లు రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో లేవంటూ స్థానిక న్యాయవాదుల సంఘం వాళ్లు వాదించకుండా తీర్మానం చేసింది. అదే ఏడాది మార్చిలో దంతెవాడకు చెందిన ఒక విలేకరిని అరెస్టు చేశారు. ఒక వాట్సాప్ గ్రూపులో సీనియర్ పోలీసు అధికారిని వెటకారం చేశాడన్న ఫిర్యాదుపై ఐటీ చట్టం కింద కేసు పెట్టారు. ఒకే వాట్సాప్, ఒకే ప్రాంతం. ఒక సందేశం జైలుకు పంపింది, ఇంకో రకం సందేశాలు ఇంటిమీదికి జనాన్ని పంపాయి.

2017 ఏప్రిల్ 24న సుక్మా జిల్లా బుర్కాపాల్ దగ్గర మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల నుంచి 122 మంది ఆదివాసులను అరెస్టు చేశారు. ఒకరు కస్టడీలోనే కన్నుమూశారు. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం కింద అయిదేళ్లు జైల్లో ఉన్నాక, 2022 జులైలో దంతెవాడ ప్రత్యేక కోర్టు మిగిలిన 121 మందినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. వాళ్ల తరఫు న్యాయవాదుల్లో బేలా భాటియా ఒకరు. ఆ అయిదేళ్లకు ఎవరూ పరిహారం కట్టివ్వలేదు.

వకీలు ఫోన్‌లోకి చూసిన కళ్లు

2019 అక్టోబరులో టొరంటోకు చెందిన సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు బేలాను సంప్రదించి, ఆమె ఫోన్‌పై నిఘా సాఫ్ట్‌వేర్ ప్రయోగం జరిగిందని చెప్పారు. ఇజ్రాయెల్‌కు చెందిన ఎన్‌ఎస్‌ఓ గ్రూప్ తయారుచేసిన పెగాసస్ ద్వారా దాదాపు 1,400 ఫోన్లను లక్ష్యం చేసుకున్నారంటూ వాట్సాప్ ఆ నెల 29న కాలిఫోర్నియా కోర్టులో దావా వేసింది. జగ్దల్‌పూర్ లీగల్ ఎయిడ్ గ్రూప్‌లో పనిచేసిన షాలినీ గేరా, ఛత్తీస్‌గఢ్‌కే చెందిన దళిత హక్కుల న్యాయవాది డిగ్రీ ప్రసాద్ చౌహాన్ కూడా ఆ బాధితుల్లో ఉన్నారు. కక్షిదారు తన వకీలుతో చెప్పుకున్న మాట గోప్యమన్నది సాక్ష్యాల చట్టంలో పాత సూత్రం. వకీలు ఫోన్‌లో దొంగ చెవి పెడితే ఆ సూత్రం అర్థం కోల్పోతుంది. ఊరి నుంచి రాత్రిపూట ఫోన్ చేసి ‘మా వాణ్ని పట్టుకుపోయారు’ అన్న తల్లి పేరు కూడా వినేవాడికి తెలిసిపోతుంది.

ఆ దావాలో 2024 డిసెంబరులో అమెరికా కోర్టు ఎన్‌ఎస్‌ఓదే బాధ్యత అని తేల్చింది. మన దేశంలో 2021 అక్టోబరు 27న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం, విశ్రాంత న్యాయమూర్తి ఆర్.వి. రవీంద్రన్ పర్యవేక్షణలో పెగాసస్‌పై సాంకేతిక కమిటీని నియమించింది. కమిటీకి అందిన 29 ఫోన్లలో అయిదింట ఏదో మాల్‌వేర్ ఉందని, అది పెగాససే అని నిర్ధారణ కాలేదని, కేంద్రం సహకరించలేదని 2022 ఆగస్టులో కోర్టు వెల్లడించింది.

సుధా భరద్వాజ్ కథ ఇంకో దారిలో నడిచింది. కాన్పూర్ ఐఐటీలో గణితం చదివి, దల్లీ రాజహరా గని కార్మికుల మధ్య పనిచేసి, తర్వాత లా పట్టా పుచ్చుకుని బిలాస్‌పూర్ హైకోర్టులో ఆదివాసుల భూముల కేసులు వాదించినావిడ. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో అతిథి ఆచార్యురాలిగా పాఠాలు చెబుతున్న రోజుల్లో, 2018 ఆగస్టు 28న, మావోయిస్టులతో సంబంధాల ఆరోపణలున్న భీమా కోరెగావ్ కేసులో అరెస్టయ్యారు. ఆ కేసులో ఆరోపణలు ప్రధానంగా కంప్యూటర్లలో దొరికాయన్న ఉత్తరాలపై ఆధారపడ్డాయి. సహ నిందితుడు రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌లోకి మాల్‌వేర్ ద్వారా ఆ ఉత్తరాలను చొప్పించారని అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021లో నివేదిక ఇచ్చింది. సుధా మూడేళ్లకు పైగా జైల్లో ఉండి 2021 డిసెంబరు 9న బెయిలుపై బయటికొచ్చారు. తెలుగు కవి వరవరరావు కూడా ఆ కేసులో నిందితుడే. కోర్టు ఆ ఉత్తరాలు చూడకముందే టీవీల్లో, ఫోన్లలో అవి చక్కర్లు కొట్టాయి.

ఫోన్ వీడియో సాక్ష్యమయ్యేదెలా

ఈ విషయంలో మన దేశపు చట్టం ఎన్నికల కేసుల్లోనే రూపుదిద్దుకుందన్నది చాలామందికి తెలియని సంగతి. 2011 కేరళ శాసనసభ ఎన్నికల్లో ఏరనాడ్ స్థానంలో ఓడిన పి.వి. అన్వర్, తనపై దుష్ప్రచారం చేసే పాటలు, ప్రసంగాలు వినిపించారంటూ వాటి రికార్డింగుల సీడీలను కోర్టుకిచ్చారు. సాక్ష్యాల చట్టం 65బి సెక్షన్ కింద ధ్రువపత్రం లేనందున ఆ సీడీలు చెల్లవని 2014 సెప్టెంబరు 18న సుప్రీంకోర్టు చెప్పింది. 2020 జులై 14న అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో ఆ సూత్రాన్నే గట్టిపరిచింది. అదీ మహారాష్ట్రలోని జాల్నా ఎన్నికకు నామినేషన్ గడువు దాటాక వేశారా లేదా అన్న తగాదా. రిటర్నింగ్ అధికారి గదిలోని కెమెరా వీడియో దానికి ఆధారం. అసలు పరికరాన్నే సొంతదారు బోనులోకి తెచ్చి, ఇది తనదేనని, తానే తీశానని చెప్పగలిగితే ధ్రువపత్రం అక్కర్లేదని కూడా ఆ తీర్పు చెప్పింది.

2024 జులై 1 నుంచి పాత సాక్ష్యాల చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చింది. దాని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రానికి రెండు భాగాలు ఉంటాయి. మొదటిది సాక్ష్యం ఇచ్చేవాళ్లు నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి. ఫోన్ కంపెనీ, మోడల్, ఐఎంఈఐ సంఖ్య రాయాలి. ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ 256 లాంటి పద్ధతిలో లెక్కగట్టిన హ్యాష్ విలువ వేయాలి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర. ఒక్క బిట్ మారినా అది పూర్తిగా మారిపోతుంది.

ఇక బస్తర్ సంగతి చూద్దాం. కాల్పుల తర్వాత ఊరి కుర్రాడు ఫోన్‌లో ఒక వీడియో తీశాడనుకోండి. సిగ్నల్ కోసం గుట్టెక్కి వాట్సాప్‌లో జగ్దల్‌పూర్ పంపుతాడు. మామూలుగా పంపిన వీడియోను వాట్సాప్ కుదించేస్తుంది. అంటే వకీలుకు చేరేసరికే వేలిముద్ర మారిపోయింది. అసలు ఫైలు ఆ కుర్రాడి ఫోన్‌లోనే ఉండాలి. ఆ ఫోన్‌ను పోలీసులు స్వాధీనం చేసుకోవచ్చు, మెమరీ నిండిందని తనే తుడిచేయవచ్చు, వానకు తడిసి పాడైపోవచ్చు. నకిలీ సాక్ష్యాన్ని అడ్డుకోవడానికి ఇంత కట్టుదిట్టం అవసరమే, కాదనలేం. సుధా కేసులోనూ కావలసింది ఇదే జాగ్రత్త. కానీ ఆ కట్టుదిట్టం బరువంతా నిపుణుడు అందుబాటులో లేని ఊరివాడి మీద పడుతోంది. అందుకే బస్తర్‌లో హక్కుల వకీలు మొదట నేర్పాల్సిన పాఠం ఒకటుంది: ‘పంపడం పంపు, కానీ తుడిచెయ్యకు.’

ప్రచారానికి హద్దులు

ఎలక్ట్రానిక్ రాజకీయ ప్రకటనలపై దేశవ్యాప్త కట్టడికి మూలం మన హైదరాబాద్ హైకోర్టులో పుట్టిన వ్యాజ్యమే. టీవీలో రాజకీయ ప్రకటనల నిషేధంపై జెమిని టీవీ తదితరుల కేసులో సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 13న ఆదేశమిస్తూ, ప్రతి ప్రకటననూ ముందే ఎన్నికల సంఘం చూసి ధ్రువీకరించాలంది. ఆ పద్ధతినే సంఘం 2013 అక్టోబరు 25న సోషల్ మీడియాకు విస్తరించింది. అభ్యర్థులు తమ ఖాతాల వివరాలు ప్రమాణపత్రంలో రాయాలి, ఖర్చు లెక్క చూపాలి. మూకుమ్మడి ఎస్సెమ్మెస్‌లకూ ధ్రువీకరణ కావాలి. నకిలీ వీడియోలను తెలిసిన 3 గంటల్లోగా తొలగించాలని 2024 మే 6న పార్టీలను ఆదేశించింది. ఐరోపా సమాఖ్యలో 2025 అక్టోబరు 10 నుంచి అమల్లోకి వచ్చిన నియమావళి ఇంకా ముందుకెళ్లి, ప్రతి రాజకీయ ప్రకటనకు డబ్బెవరిచ్చారో, ఎవరిని గురిపెట్టారో చెప్పాలంటుంది.

అయితే ఎవరికి వారు సొంత ఖాతాలో పెట్టే రాతలకు, గ్రూపుల్లో తిరిగే సందేశాలకు ఈ ధ్రువీకరణ వర్తించదు. భావప్రకటన స్వేచ్ఛ దృష్ట్యా అది సబబే. 2015లో శ్రేయా సింఘాల్ తీర్పు ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను కొట్టేసింది కూడా ఆ స్వేచ్ఛ కోసమే. కానీ బస్తర్‌లో న్యాయవాదులపై నడిచిన ప్రచారం ఎన్నికలప్పుడు నడిచింది కాదు, ఏ అభ్యర్థి పేరిటా లేదు, దాని ఖర్చు ఏ లెక్కలోనూ పడలేదు. ఎన్నికల చట్టం దాన్ని రాజకీయ ప్రచారంగా గుర్తించదు. అయినా పర్పాలో ఇల్లు ఖాళీ చేయమన్నవాళ్లు చేసింది ముమ్మాటికీ రాజకీయ ప్రచారమే.

అడవి గొంతు

ఫోన్ అన్నివేళలా పైనుంచి కిందికే మాట్లాడలేదు. శుభ్రాంశు చౌధరి 2010లో మొదలుపెట్టిన సీజీనెట్ స్వర అందుకు ఉదాహరణ. ఇంటర్నెట్ లేని మామూలు ఫోన్ సరిపోయేది. ఒక మిస్డ్ కాల్ ఇస్తే అటునుంచి తిరిగి ఫోన్ వచ్చేది. 1 నొక్కి చెప్పుకునేవారు, 2 నొక్కి వినేవారు. గోండీలో, హిందీలో రేషన్ రాలేదని, చేతిపంపు పాడైందని చెబితే, విన్నవాళ్లు సంబంధిత అధికారికి ఫోన్ చేసేవారు.

2014లో ఆదివాసీ హక్కుల కార్యకర్త సోనీ సోరి ఆమ్ ఆద్మీ పార్టీ తరఫున బస్తర్ లోక్‌సభకు పోటీచేసి ఓడిపోయారు. 2016 ఫిబ్రవరిలో ఆమె ముఖానికి రసాయనం పూసినప్పటి ఫొటో దేశమంతా ఫోన్లలో తిరిగింది. 2021 మేలో సిల్గేర్‌లో భద్రతా దళాల క్యాంపు వద్దన్న జనంపై కాల్పులు జరిగాక, మూలవాసీ బచావో మంచ్ యువకులు తమ ధర్నాలను తామే వీడియో తీసి పంపేవారు. 2005 నాటి రాష్ట్ర ప్రత్యేక ప్రజాభద్రతా చట్టం కింద 2024 అక్టోబరులో ఆ మంచ్‌ను నిషేధించారు. బీజాపూర్ నుంచి ‘బస్తర్ జంక్షన్’ యూట్యూబ్ ఛానల్ నడిపిన ముకేశ్ చంద్రాకర్, రోడ్డు పనిలో అవినీతిపై కథనం వచ్చాక, 2025 జనవరి 1న హత్యకు గురయ్యారు. శవం ఒక గుత్తేదారు ఆవరణలోని సెప్టిక్ ట్యాంకులో దొరికింది.

మళ్లీ ఫోన్లలోకి వచ్చిన తీర్పు

నందినీ సుందర్ తదితరులు వేసిన కోర్టు ధిక్కార పిటిషన్‌ను 2025 మే 15న సుప్రీంకోర్టు ముగించింది. శాసనసభ చట్టం చేయడం ధిక్కారం కాదని జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ ధర్మాసనం చెప్పింది. బస్తర్‌లో శాంతి, పునరావాసం ప్రభుత్వాల బాధ్యత అని కూడా గుర్తుచేసింది.

మూడు నెలలకు, రంగారెడ్డి జిల్లాలో పుట్టిన సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలబడ్డారు. సల్వా జుడుం తీర్పు రాకపోయి ఉంటే నక్సలిజం 2020 నాటికే ముగిసేదని కేంద్ర హోంమంత్రి అమిత్ షా ఆగస్టులో కొచ్చిలో అన్నారు. ఆ మాట క్షణాల్లో క్లిప్పుగా మారింది. తీర్పు సుప్రీంకోర్టుదని, తనది కాదని, దాన్ని పూర్తిగా చదవాలని సుదర్శన్ రెడ్డి బదులిచ్చారు. 18 మంది మాజీ న్యాయమూర్తులు ఆ వ్యాఖ్యను తప్పుపడుతూ ప్రకటన ఇచ్చారు. దానికి జవాబుగా మరికొందరు మాజీ న్యాయమూర్తులు వేరే ప్రకటన ఇచ్చారు. తీర్పులో నక్సలిజాన్ని సమర్థించే వాక్యం లేదు. పోలీసు పనిని తగిన శిక్షణ లేని యువకుల భుజాన వేయొద్దన్న ఆదేశం ఉంది. ఎన్నికలో ఓటర్లు పార్లమెంటు సభ్యులే, బస్తర్ ఎంపీ కూడా వారిలో ఒకరు. సెప్టెంబరు 9న లెక్కింపులో సి.పి. రాధాకృష్ణన్‌కు 452, సుదర్శన్ రెడ్డికి 300 ఓట్లు వచ్చాయి. 2011 జులై 5 నాటి తీర్పును ఏ ధర్మాసనమూ కొట్టివేయలేదు.